చాట దులిపిన శుక్రవారాలు

దయ్యాలను నేను నమ్మను. ఇప్పుడు కూడా అదే మాట చెప్తాను, కాకపోతే ఇదివరకటి కంటే గొంతు కొంచెం తగ్గించి చెప్తాను.

మా అమ్మమ్మగారి ఊరు దోమకొండ. చిన్నప్పుడు సెలవులకు పోతే, పాత బావి దగ్గర మిట్టమధ్యాహ్నం గజ్జెల చప్పుడు వినిపిస్తుందని మా చిన్నమ్మ పిల్లలందరినీ హడలగొట్టేది. నేనొక్కదాన్నే పోయి చూశాను. మేకపిల్ల. మెడలో గంట కట్టుకుని బావి గట్టు మీద ఆకులు తింటోంది. దాన్ని తాడు పట్టుకుని లాక్కొచ్చి, "ఇగో చిన్నమ్మా, నీ దయ్యం" అని వాకిట్లో కట్టేశాను. అప్పట్నుంచి మా ఇంట్లో నా ముందు ఎవరూ అలాంటి కథలు చెప్పరు. చెప్తే నేను ఊరుకోను.

కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు పక్క సందులో మాకో చిన్న షాపు ఉంది. మా ఆయన ఇన్వర్టర్లు, కెమెరాలు బిగిస్తాడు. నేను ఎంసీఏ చదివాను. దుకాణాలకు, మిల్లులకు కావలసిన ప్రోగ్రాంలు రాసిస్తాను. నా పనంతా లెక్క ప్రకారం నడిచేదే. ఏదైనా ఆగిపోతే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇంతకాలం నేను నమ్మింది ఇదొక్కటే.

ఎల్లారెడ్డిలో రహీం భాయ్ కోడిపిల్లల హ్యాచరీ పెట్టినప్పుడు ఆ పని నాకు వచ్చింది. ఆయన గల్ఫ్‌లో పదేళ్ళు ట్రైలర్ లారీ నడిపి వచ్చిన మనిషి. తిరిగొచ్చిన కొత్తలో ఆయన చిన్న కూతురు ఆయన్ను 'ఫోన్ అబ్బా' అని పిలిచేదట. ఫోన్లో కనిపించే నాన్న ఇంట్లోకి ఎట్లా వచ్చాడో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఆ మాట నాకు చెప్తూ ఆయన నవ్వాడు, కానీ కళ్ళు నవ్వలేదు. ఏడాదిపాటు హ్యాచరీ సరిగ్గా నడిస్తే ఇక్కడే ఉంటాడు. నడవకపోతే గల్ఫ్‌లోని పాత యజమాని, కఫీలు, పిలుస్తూనే ఉన్నాడు, మళ్ళీ విమానం ఎక్కాలి. భార్యాభర్తలు అలా ఒక మాట అనుకున్నారు. పాస్‌పోర్టు బీరువాలో పైఅరలోనే పెట్టుకున్నాడు.

గుడ్లు పొదిగే యంత్రం వేడిని దానంతట అదే ఉంచుకుంటుంది. నా ప్రోగ్రాం చేసే పని వేరు. అర నిమిషానికోసారి వేడి ఎంతుందో, తేమ ఎంతుందో చూసి రాసుకోవాలి. గంటకోసారి గుడ్ల ట్రేలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగించాలి. ఒరిగించకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోయి చచ్చిపోతుంది. ఏదైనా తేడా వస్తే అలారం మోగించి రహీం భాయ్‌కి ఫోన్ చేయాలి. ఇదంతా గోడకు బిగించిన ఒక చిన్న పెట్టె చేస్తుంది. దానికి ఒక పచ్చ బటన్ ఉంటుంది.

ఆ ప్రోగ్రాంను రెండు నెలలు మా షాపులో నడిపి చూశాను. ఒక్క తప్పు రాలేదు. ఎంత గర్వపడ్డానో! అసలు సంగతి ఏమిటంటే, సాయంత్రం షట్టర్ దించేముందు మెయిన్ ఆఫ్ చేసి పోవడం మా ఆయన అలవాటు. మా బజారులో అందరి అలవాటూ అదే. అంటే నా ప్రోగ్రాం ఏ రోజూ పన్నెండు గంటలకు మించి బతకలేదు. రోజూ పొద్దున కొత్తగా పుట్టేది. ఒక్కరోజు పిల్లను చూసి దీనికి నూరేళ్ళ ఆయుష్షని నేను రాసిచ్చాను.

ఎల్లారెడ్డిలో అట్లా కాదు. రహీం భాయ్ మా దగ్గరే పెద్ద ఇన్వర్టర్ కొన్నాడు, జనరేటర్ కూడా పెట్టాడు. అక్కడ కరెంటు పోవడమనే మాటే లేదు. పదమూడో రోజు నా ప్రోగ్రాం బిగుసుకుపోయింది.

అది మొదట పట్టుకున్నది సాయవ్వ. చిన్నప్పట్నుంచి అరవై దాటేదాకా బీడీలు చుట్టిన మనిషి. వేళ్ళు వంకర పోయాక హ్యాచరీలో చేరింది. గుడ్డుకు లైటు పట్టి లోపల పిల్ల ఉందో లేదో చెప్పడం ఆమె పని. ఆ రోజు రహీం భాయ్ గుడ్ల కోసం ఊరికి పోతే, ఆమె నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, గీ పెట్టె కిర్రుమంటలేదు. ట్రేలు ఒరుగుతలేవు. గంట దాటింది. జర జెప్పు, ఏం జేయాలె?"

పచ్చ బటన్ నొక్కి ఆపమన్నాను. పది అంకెలు లెక్కపెట్టి మళ్ళీ నొక్కమన్నాను. నడిచింది. బతికిపోయాననుకుని మర్నాడే బస్సెక్కి పోయి చూశాను. తప్పు నాదే. కొలత రాసుకోవడానికి ప్రతిసారీ ప్రోగ్రాం కంప్యూటర్ దగ్గర కొంచెం జాగా అడిగి తీసుకుంటుంది. పని అయిపోయాక ఆ జాగా తిరిగి ఇచ్చేయాలి. నాది ఎక్కడో ఇవ్వడం లేదు. ఎక్కడో అప్పటికప్పుడు దొరకలేదు. తీసుకున్నది తీసుకున్నట్టే ఉంచుకుంటే, పది రోజులకు నడక మందగిస్తుంది, పదమూడో రోజుకు జాగా మొత్తం నిండిపోయి నిలబడిపోతుంది. ఆపి మళ్ళీ మొదలుపెడితే అంతా ఖాళీ అవుతుంది.

సాయవ్వకు ఇదంతా చెప్తే ఒక్క నిమిషంలో పట్టేసింది.

"ఓస్, గింతేనా! బీడీలు జేసేటప్పుడు ఒళ్ళె చాట ఉంటది గదా. ఆకు కత్తిరించిన ముక్కలు అండ్లనే పడ్తయి. దులుపకుంటె చాట నిండి చెయ్యి ఆడది. లేసి దులుపుకోవాలె. దీనికి దులుపుకొనుడు రాదు, మనమే దులపాలె."

కాలేజీలో మాకు మూడు నెలలు చెప్పారు ఈ పాఠం.

వారానికోసారి బటన్ నొక్కితే చాలన్నాను. ఆ తర్వాత ఒక మాట అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "అవ్వా, రహీం భాయ్‌కి చెప్పకు. నేను తొందర్లోనే బాగు చేస్తాను" అన్నాను. సిగ్గు. కామారెడ్డి నుంచి బాన్సువాడ దాకా నా పనికి పేరుంది, నా ప్రోగ్రాంలో తప్పుందంటే తల తీసేసినట్టుంటుంది నాకు.

సాయవ్వ నా మొహం చూసి నవ్వింది. "నువ్వు బాగుజేసేదాంక నేను జూస్కుంట తియ్యి. వానికి చెప్తె ఉత్తగనే రంది."

రహీం భాయ్, పనివాళ్ళు శుక్రవారం ఒంటిగంటకు గేటుకు తాళం వేసి నమాజుకు పోతారు. అన్నాలు తిని రెండున్నరకు వస్తారు. ఆ సమయంలో సాయవ్వ ఒక్కతే ఉంటుంది. ఆ గంటన్నరలో ఆమె చాట దులిపేది. ఒక్క విషయంలో మాత్రం నా మాట వినలేదు. పది అంకెలు సరిపోతాయని ఎంత చెప్పినా, పెట్టెను ఆపి, ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకుని, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగి, ఆ తర్వాతే మళ్ళీ నొక్కేది. "మనిషికే బువ్వ తిన్నంక జర దమ్ము కావాలె. పది అంకెలకు లే అంటె అదేం లేస్తది?" అనేది. ఆగిన సమయం, మొదలైన సమయం ప్రోగ్రాం తన లాగ్‌లో రాసుకుంటుంది. ప్రతి శుక్రవారం రెండు గంటల తొమ్మిది, పది నిమిషాలకు ఆగడం, ఎనిమిది నిమిషాల తర్వాత లేవడం. కామారెడ్డిలో షాపు కంప్యూటర్ నుంచి నెట్‌లో లాగ్ తెరిచినప్పుడల్లా ఆ ఎనిమిది నిమిషాలు చూసి నవ్వుకునేదాన్ని.

బాగు చేశానా? చేయలేదు. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ నెలలు గడిపాను. సాయవ్వ ఉంది కదా అనే ధీమా.

వానాకాలంలో స్కూటీ జారి నా కాలు విరిగింది. కట్టు వేయించుకుని మంచంలో పడ్డాను. వారం తర్వాత, ఒక ఆదివారం, రహీం భాయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, సాయవ్వ పోయింది. రెండు దినాలు జరం, గంతే. మాకు అమ్మ లెక్క ఉండె" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో బటన్ సంగతి నాకు గుర్తుకు రాలేదు. ఆయనకు గుర్తుండటానికి అసలు తెలియనే తెలియదు.

కట్టు విప్పాక కర్ర పట్టుకుని మొదటిసారి షాపుకు వచ్చిన రోజు, మా ఆయన వైరు ఏదో మార్చడానికి మెయిన్ ఆఫ్ చేశాడు. టక్ మని చప్పుడైంది. అప్పుడు గుర్తొచ్చింది పచ్చ బటన్. సాయవ్వ పోయి ఐదు వారాలు. ఐదు శుక్రవారాలు. పదమూడో రోజుకే నా ప్రోగ్రాం చచ్చి ఉండాలి. ట్రేలు ఒరగవు, అలారం కూడా అదే మోగించాలి కాబట్టి అదీ మోగదు. గుడ్డులో పిల్ల చస్తే చప్పుడు రాదు, ఇరవై ఒకటో రోజు దాకా బయటపడదు. రహీం భాయ్ మంచి మనిషి, బ్యాచ్ పోయినా నా కాలు విరిగిందని నాతో అనలేక ఊరుకున్నాడేమో. పాస్‌పోర్టు కిందికి దిగిందేమో!

ఫోన్ చేయడానికి నోరు రాలేదు. లాగ్ తెరిచి చూద్దామంటే షాపులో కరెంటు లేదు, వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. బస్సెక్కాను. శనివారం. లింగంపేట దాటిన తర్వాత అడవి వస్తుంది, వానలకు పచ్చగా ఎంత బాగుంటుందో! నాకేమీ కనిపించలేదు. ఆ చిన్నపిల్ల మళ్ళీ ఫోన్లో నాన్నను చూసుకోవడమే కళ్ళ ముందు కదిలింది.

హ్యాచరీ గుమ్మంలో అడుగు పెట్టగానే లోపల కిర్రుమంది.

నిలబడిపోయాను. ట్రేలు మెల్లగా ఒరిగాయి. పక్క గదిలో అట్టపెట్టెల నిండా పిల్లలు, ఒకటే కిచకిచలు. "సూడు అక్కా, గిప్పటిదాంక అన్నింట్ల మంచి బ్యాచ్ గిదే" అని రహీం భాయ్ ఒక పిల్లను నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. పట్టుకునే పెట్టె దగ్గరికి పోయి తెర చూశాను. నిన్నటి నుంచి నడుస్తున్నట్టు ఉంది.

నిన్న శుక్రవారం.

కుర్చీ లాక్కుని లాగ్ తెరిచాను. ఐదు శుక్రవారాలూ ఉన్నాయి. రెండు తొమ్మిదికి, రెండు పదికి, మళ్ళీ తొమ్మిదికి. ప్రతిసారీ బటన్ నొక్కి పద్ధతిగా ఆపినట్టే ఉంది. కరెంటు పోయి ఆగితే ఆగినట్టు రాసుకునే వీలే ఉండదు, ఆ వరుస ఖాళీగా ఉంటుంది. ప్రతిసారీ ఎనిమిది నిమిషాల తర్వాత లేచింది.

ఎవరో చేస్తున్నారు అనుకున్నాను. ఎవరు చేస్తున్నారని అడగాలంటే రహీం భాయ్‌కి అంతా చెప్పాలి. చెప్పాను. నా తప్పు, సాయవ్వను దాచమన్నది, నేను మర్చిపోయింది, మొత్తం. ఆయన పిల్లల పెట్టె మూత సర్దుతూ, "నా ఇల్లు మొత్తం గీ పెట్టె మీదనే ఉన్నది అక్కా. నాకు జెప్పాలె గదా" అన్నాడు. అరిచినా బాగుండేది.

పనివాళ్ళిద్దరినీ అడిగాం. ఆ బటన్ దేనికో కూడా వాళ్ళకు తెలియదు. గేటు దగ్గర మా ఆయనే బిగించిన కెమెరా ఉంది. ఆఖరి రెండు శుక్రవారాల రికార్డు మిగిలింది. ఒంటిగంటకు ముగ్గురూ తాళం వేసి పోవడం, రెండున్నరకు రావడం. మధ్యలో ఒక కుక్క. బటన్ లూజుగా ఉందేమోనని విప్పి చూశాను. గట్టిగా ఉంది. లూజైనా, వారం వారం అదే వేళకు లూజవుతుందా? ఎనిమిది నిమిషాలకు రెండోసారి తనంతట తానే నొక్కుకుంటుందా? దానంతట అదే లేచే ఏర్పాటు ఏదైనా నేనే రాసి మర్చిపోయానేమోనని ప్రోగ్రాం అంతా చదివాను. లేదు.

"సాయవ్వనే అక్కా. గిండ్ల అంత సోచాయించుడు ఏమున్నది?" అన్నాడు రహీం భాయ్, ఈరోజు వాన పడింది అన్నంత మామూలుగా. ఆయన వణికిపోతే నేను ధైర్యం చెప్పేదాన్ని. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండింది. లాజిక్ ఉండాలి కదా భాయ్ అన్నాను.

"నీ లాజిక్కే గదా అక్కా పదమూడో దినం పండుకున్నది" అన్నాడు.

ఇంటికొచ్చి, కర్ర పక్కన పెట్టుకుని, నాలుగు రోజులు కూర్చున్నాను. నెలల తరబడి దొరకని తప్పు నాలుగో రోజు దొరికింది. కొలత రాసుకునే చోట జాగా తిరిగి ఇచ్చే రెండు వరుసలు రాయడం మర్చిపోయాను. అంతే. సరిచేసి గురువారం పోయి ఎక్కించాను. జాగా పెరగడం ఆగింది, నా కళ్ళతో చూశాను. పెట్టె ఉన్న గదికి రహీం భాయ్ చేత తాళం వేయించి, తాళంచెవి ఆయన జేబులోనే ఉంచుకోమన్నాను. ఇక ఎవరూ బటన్ ముట్టాల్సిన పని లేదన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కామారెడ్డిలో లాగ్ తెరుచుకుని కూర్చున్నాను. రెండు గంటల తొమ్మిది నిమిషాలకు ఆగింది. రెండు పదిహేడుకు లేచింది. ఆ సమయంలో రహీం భాయ్ మసీదు నుంచి ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

భయం వేసిందా అని అడుగుతారు అందరూ. నిజం చెప్తున్నాను, కోపం వచ్చింది. "బాగు చేశాను కదా అవ్వా! ఇంకా ఏమిటి?" అని తెర మీద అరిచాను. మా ఆయన లోపలి నుంచి తొంగి చూసి వెనక్కి పోయాడు.

కోపం చల్లారాక ఒక ఆలోచన వచ్చింది. నువ్వు బాగుజేసేదాంక అన్నది కదా ఆమె. ఒకవేళ బాగు కాలేదా?

మళ్ళీ మొత్తం చూశాను. మామూలుగా నడుస్తున్నప్పుడు జాగా పెరగడం లేదు. కానీ అలారం మోగించి చూస్తే, ఆపేసిన తర్వాత కూడా ఆ అలారం మాటలను ప్రోగ్రాం అట్టే పెట్టుకుంటోంది. ఒక్కో అలారానికి కొంచెం. వానాకాలంలో రోజుకు రెండు మోగితే ఎక్కువ. ఈ లెక్కన పదమూడో రోజు కాదు, ఏ మండుటెండల్లోనో అలారాలు వరసగా మోగే రోజున, సరిగ్గా అవసరమైన వేళకు బిగుసుకుపోయేది. ఇది రెండో తప్పు. నేను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు, పని అయిపోయిందనుకున్నాను.

అదీ సరిచేశాను. ఈసారి వందల అలారాలు మోగించి చూశాను. పక్క దుకాణంవాళ్ళు వచ్చి దండం పెట్టేదాకా మోగించాను. బుధవారం ఎక్కించి, శుక్రవారం నేనే ఎల్లారెడ్డి పోయి ఆ గదిలో కూర్చున్నాను.

రహీం భాయ్ నమాజు కాగానే అన్నానికి కూడా పోకుండా నేరుగా వచ్చాడు. వాళ్ళావిడ ఫ్లాస్కులో చాయ్ పంపింది. ఇద్దరం పెట్టెను చూస్తూ కూర్చున్నాం. చెప్తే నవ్వుతారు, ఎంసీఏ చదివిన నేను పరీక్ష ఫలితాల కోసం పదో తరగతి పిల్లలా చెమటలు పట్టి కూర్చున్నాను. పెట్టె ఆగితే నా పనిలో ఇంకా తప్పున్నట్టే. అప్పటికి ఆ మాట మీద నాకు అనుమానమే లేదు.

రెండు తొమ్మిది. రెండు పది. రెండు పన్నెండు. ఫ్యాను తిరుగుతోంది. పచ్చ బటన్ పచ్చగానే ఉంది. రెండు ఇరవై.

రెండున్నర దాటాక రహీం భాయ్ లేచాడు. చాయ్ రెండు కప్పుల్లో వంచి, ఒకటి నాకిచ్చాడు. "ఒప్పుకున్నది అక్కా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె పోయినప్పుడు ఫోన్లో ఏడ్చింది వేరు, ఇది వేరు. ఆ ముసలామెను నా సిగ్గుకు కాపలా పెట్టి నేను దర్జాగా తిరిగాను. పోయాక కూడా ఆమెకు సెలవు ఇవ్వలేదు. చాయ్ చల్లారిపోతుంటే సాసర్లో పోసుకుని తాగాను. అలవాటు లేక సగం చీర మీద పడింది. మూడు గంటలకు కిర్రుమని ట్రేలు ఒరిగాయి.

ఆ తర్వాత ఆ పెట్టె ఇప్పటిదాకా ఆగలేదు. ఏడాది గడిచింది. రహీం భాయ్ పాస్‌పోర్టు గడువు ఈ మధ్యే తీరిపోయింది. రెన్యువల్ చేయించలేదు. మొన్న పోతే ఆయన చిన్న కూతురు గేటు దగ్గర, "అబ్బా, సరితక్క అచ్చింది!" అని లోపలికి కేకేసింది. ఆ కేకకు ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

నా ప్రోగ్రాం ఎందుకు ఆగేదో నాకు తెలుసు, రెండు చోట్ల వేలు పెట్టి చూపిస్తాను. ఆ ఆరు శుక్రవారాలు బటన్ ఎవరు నొక్కారో తెలియదు. లాగ్ అట్లాగే దాచి ఉంచాను, ఎవరైనా వచ్చి కారణం చెప్తే సంతోషంగా వింటాను. ఈలోపు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరి యంత్రాన్నైనా ఆపాల్సి వస్తే, ఆపాక ఒక చాయ్ తాగి, అప్పుడే మళ్ళీ బటన్ నొక్కుతాను.